బెంచీకి అద్దె, అప్పుకు వడ్డీ

(ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల సమావేశంలో ఒక లెక్కల మాస్టారు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కాశీనగర్ నుంచి, గుణుపురం నుంచి వచ్చిన తోటి ఉపాధ్యాయులకు, సరిహద్దు దాటి పాతపట్నం నుంచి వచ్చిన మిత్రులకు, ఒక పూట కూలి వదులుకుని వచ్చి కూర్చున్న అమ్మలకు, అయ్యలకు నా కృతజ్ఞతలు.

తరగతి గదిని ఒక చిన్న ఆర్థిక వ్యవస్థగా నడిపి, దాని ద్వారా పిల్లలకు డబ్బు వ్యవహారం నేర్పడం గురించి మాట్లాడమన్నారు. అమెరికా పాఠశాలల్లో ఈ పద్ధతి చాలా కాలంగా ఉంది. పిల్లలకు తరగతిలో ఉద్యోగాలుంటాయి, వారానికింత అని జీతం ఉంటుంది. కూర్చున్న బల్లకు అద్దె కట్టాలి. మిగిలింది దాచుకోవడానికి తరగతిలోనే బ్యాంకు ఉంటుంది. డబ్బు మాత్రం ఉత్తుత్తి డబ్బు. మన వైపు కూడా ఉత్సాహం ఉన్న ఉపాధ్యాయులు దీన్ని మొదలుపెడుతున్నారు, సంతోషం. అయితే రంగు కాగితాల నోట్లు, శనివారం బహుమతులు, చప్పట్లు, అంతటితో ఆగిపోతే మన పిల్లలకు పెద్దగా ఉపయోగం లేదని నా అభిప్రాయం. ఈ ఆటలో నోట్ల కంటే ఖాతా పుస్తకానికి, సంపాదన కంటే అప్పుకు ఎక్కువ సమయం ఇవ్వాలి. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఎందుకో చెబుతాను. మన తరగతుల్లో కూర్చున్న పిల్లలు ఎవరు? తండ్రి సూరత్ మగ్గాల దగ్గర ఉంటాడు, లేదా హైదరాబాదులోనో చెన్నైలోనో కట్టడం పనిలో ఉంటాడు. తల్లి పొదుపు సంఘంలో సభ్యురాలు. వారం వారం వాయిదా కట్టే రోజు ఇంట్లో అందరికీ గుర్తుంటుంది. కొండ మీది నుంచి జీడిపిక్కలు, చింతపండు, పసుపు, కొండచీపుర్లు సంతకు దిగుతాయి. వాటి బేరం పిల్లలు చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉంటారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కొండ పల్లెల పిల్లలకైతే సవర. ఫోనుకు వచ్చిన సందేశం చదివేది పిల్లలే. బ్యాంకు పుస్తకంలో ఎంత పడిందో చెప్పేది పిల్లలే. అప్పిచ్చినవాళ్లు వివరాలు రాసి ఇచ్చే అప్పు కార్డు ఒడియాలో ఉంటే, ఒడియా రాని తల్లికి చదివి వినిపించేది ఏడో తరగతి అమ్మాయి. అంటే మన పిల్లలు అప్పటికే ఇంటి గుమాస్తాలు. వాళ్లకు డబ్బును కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. చేతిలోని కాగితం అసలు ఏమి చెబుతోందో అడిగే ధైర్యం, లెక్క కట్టే నేర్పు ఇవ్వాలి.

ఇప్పుడు మా తరగతిలో ఎలా నడుస్తుందో చెబుతాను. మా డబ్బు పేరు తనయ. మన మహేంద్రతనయ నది పేరు మీద పిల్లలే పెట్టుకున్నారు. జీతం అందరికీ ఒకటే, వారానికి 20 తనయలు. బెంచీ అద్దె వారానికి 10. హాజరు పట్టిక రాసేవారు, పుస్తకాల బీరువా చూసేవారు, మొక్కలకు నీళ్లు పోసేవారు, భోజనాల ముందు చిన్న పిల్లల చేతులు కడిగించేవారు, బ్యాంకు గుమాస్తా, ఖాతాలు తనిఖీ చేసేవారు, ఇలా పనులుంటాయి. నెల నెలా పనులు మారతాయి. ఊడ్చడం, మరుగుదొడ్ల దగ్గరి పని మాత్రం ఈ జాబితాలో పెట్టకండి. ఈ విషయంలో నేను గట్టిగా చెబుతున్నాను. జీతం పేరుతో పెడితే ఆ పని చివరకు ఏ పిల్లల మీద పడుతుందో మన ఊళ్లు తెలిసిన ఎవరికైనా తెలుసు. శుభ్రం చేయడం అందరి వంతు, దానికి జీతం లేదు.

ప్రతి పిల్లవాడికీ ఒక ఖాతా పుస్తకం. తేదీ, వివరం, వచ్చింది, పోయింది, నిల్వ, ఈ ఐదు గళ్లు. గళ్ల పేర్లు తెలుగులోనూ ఒడియాలోనూ ఉంటాయి. కొండ పల్లెల పిల్లలు ఉంటే సవర మాట కూడా రాయించండి. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ పర్లాకిమిడిలోనే రాజావారి పాఠశాలలో పని చేస్తూ, సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. ఆయన తిరిగిన ఊళ్లో ఉన్న మనకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. లెక్క తనకు అర్థమయ్యే భాషలో ఉన్నప్పుడే పిల్లవాడు తప్పును పట్టుకోగలడు.

నోట్లు మొదటి నెల వరకే. పిల్లలకు చేతిలో పట్టుకోవడం ఇష్టం కాబట్టి ఇస్తాం. రెండో నెల నుంచి నోట్లు బ్యాంకులో జమ చేసి అంతా పుస్తకంలోనే నడుస్తుంది. ఎవరి పుస్తకం వాళ్లదే. గోడ మీద ఎవరికి ఎంత ఉందో పట్టిక వేలాడదీయకండి. ఇంటి దగ్గర ఎలాగూ ఎక్కువ తక్కువలు చూస్తున్న పిల్లలకు బడిలో ఇంకొకటి ఎందుకు?

ఇక తనయలతో ఏమి కొనవచ్చు? శనివారం వేలం ఉంటుంది. కిటికీ పక్కన వారం రోజులు కూర్చోవడం, బడి గంట కొట్టడం, ఏ కథ చదవాలో ఎంచుకోవడం, ఆటల పీరియడులో ఏ ఆట ఆడాలో చెప్పడం, ఇవి వేలానికి వస్తాయి. వీటికి మాస్టారి జేబులోంచి ఒక్క రూపాయి కూడా ఖర్చు కాదు. అసలు రూపాయి తరగతిలోకి రానే రాకూడదు. తనయలకు అమ్మకూడనివి కూడా ఉన్నాయి: మార్కులు, మధ్యాహ్న భోజనం, నీళ్లు, బయటికి వెళ్లడానికి అనుమతి, మాస్టారు దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పే సమయం. ఇవి పిల్లల హక్కులు.

చాలామంది నన్ను అడుగుతారు, బాగా చదివితే తనయలు ఇవ్వవచ్చు కదా, అల్లరి చేస్తే జరిమానా వేయవచ్చు కదా అని. వద్దు అంటాను. నా సొంత ఇష్టాయిష్టాల వల్ల కాదు. 1973లో అమెరికాలో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు బొమ్మలు వేయడం ఇష్టమున్న చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. కొందరికి, బొమ్మ వేస్తే రిబ్బను కట్టిన ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. ఇచ్చారు కూడా. కొన్నాళ్ల తర్వాత గమనిస్తే, ఆ పిల్లలు తమంతట తాము బొమ్మలు వేసుకునే సమయం మిగతావారితో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయింది. ఇష్టంగా చేసే పనిని కూలి పనిగా మార్చితే జరిగేది ఇది. చదవడం, ప్రశ్న అడగడం, పక్కవాడికి లెక్క చెప్పడం, వీటికి ధర కట్టకండి.

జరిమానా సంగతి ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో పిల్లల సంరక్షణ కేంద్రాలకు తల్లిదండ్రులు సాయంత్రం ఆలస్యంగా వస్తున్నారు. గ్నీజీ, రుస్టికీనీ అనే ఆర్థికవేత్తలు పది కేంద్రాలను తీసుకుని, కొన్నింటిలో పది నిమిషాలు దాటి ఆలస్యమైతే పది షెకెళ్లు జరిమానా పెట్టించారు. ఆలస్యాలు తగ్గాలి కదా? దాదాపు రెట్టింపయ్యాయి. అంతకుముందు ఆలస్యంగా వచ్చినప్పుడు, పాపం టీచరమ్మ మన కోసం కూర్చుంది అనే మొహమాటం ఉండేది. జరిమానా పెట్టాక అది ఒక సేవకు ధర అయిపోయింది, కట్టేస్తే సరి. జరిమానా ఎత్తేశాక కూడా ఆలస్యాలు పాత స్థాయికి దిగలేదు. వాళ్ల పరిశోధన పత్రం 2000లో వచ్చింది. పక్కవాణ్ణి కొడితే ఐదు తనయలు అని రాసి పెట్టారనుకోండి, ఐదు తనయలున్న పిల్లవాడు కొట్టే హక్కు కొనుక్కుంటాడు. ప్రవర్తనను మాటతో, ప్రేమతో సరిదిద్దుదాం. ఖాతా పుస్తకంలో పనికి జీతం, అద్దె, పొదుపు, అప్పు మాత్రమే ఉండనివ్వండి.

ధరలు పెరగడం గురించి ఒక్క మాట. దసరాకు ముందు పిల్లలందరికీ జీతంతో పాటు మరో 20 తనయలు పండుగ కానుకగా ఇచ్చి చూడండి. ఆ శనివారం కిటికీ సీటు వేలంలో ఎంత పలుకుతుందో చూడండి. సీటు అదే, కిటికీ అదే, ధర మాత్రం ఎగిరిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ చేతికి చిక్కిన యుద్ధఖైదీల శిబిరంలో సిగరెట్లే డబ్బుగా నడిచాయి. అక్కడే ఖైదీగా ఉన్న ఆర్. ఎ. రాడ్‌ఫర్డ్ అనే ఆర్థికవేత్త 1945లో దాని గురించి రాశారు. సిగరెట్లు ఎక్కువగా వచ్చిపడినప్పుడు శిబిరంలో ధరలు పెరిగేవి, నిల్వ తరిగిపోయినప్పుడు పడిపోయేవి. పెద్ద పుస్తకాలు అక్కరలేకుండానే ద్రవ్యోల్బణం పిల్లలకు ఒక్క శనివారంలో అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఏడాదిలో ఏదో ఒక వారం ఎవరో ఒక పిల్లవాడు అద్దె కట్టలేని పరిస్థితి వస్తుంది. రావాలి కూడా. మా తరగతిలో ఒక అబ్బాయి జీడిపిక్కల కాలంలో అమ్మానాన్నలతో కొండకు వెళ్లిపోయాడు. మూడు వారాలు రాలేదు. పని చేయలేదు కాబట్టి జీతం లేదు, అద్దె మాత్రం 30 పేరుకుంది. పుస్తకంలో నిల్వ 12. అంటే 18 అప్పు. తిరిగి వచ్చిన రోజు తరగతిలో పెద్ద వాదన జరిగింది. నియమం నియమమే అన్నారు కొందరు. వాడు ఆడుకోవడానికి వెళ్లలేదు కదా, ఇంటి కోసం వెళ్లాడు అన్నారు ఇంకొందరు. బెంచీలో కూర్చోనే లేదు, అద్దె ఎందుకు అని ఒకరు అడిగారు. ఇల్లు తాళం వేసి సూరత్ వెళితే ఇంటి యజమాని అద్దె వదిలేస్తాడా అని ఇంకో అమ్మాయి అడిగింది. ఆ అమ్మాయి తండ్రి సూరత్‌లోనే ఉంటాడు. నేను తీర్పు చెప్పలేదు. ఇక్కడ ఉపాధ్యాయుడు నోరు మూసుకుని కూర్చోవడం చాలా అవసరం.

చివరకు వాళ్లే ఒక దారి వెతుక్కున్నారు. వారానికి తలా ఒక తనయ వేసి కష్టనిధి పెట్టారు. జబ్బు చేసినా, ఇంటి పని మీద వెళ్లినా ఆ నిధి అద్దె కడుతుంది. ఎవరికి ఇవ్వాలో ముగ్గురు పిల్లల కమిటీ చూస్తుంది. ఈ ఆలోచన వాళ్లకు ఎక్కడి నుంచి వచ్చింది? ఈ తల్లుల నుంచే. ఒడిశాలో 2001లో మిషన్ శక్తి మొదలైనప్పటి నుంచి మన ఆడవాళ్లు పొదుపు సంఘాల్లో తలా కొంత వేసి, అవసరమున్నవారికి ఇస్తూ వస్తున్నారు. వంటింట్లో కూర్చుని విన్న మాటలు పిల్లలకు తరగతిలో పనికొచ్చాయి. బీమా అంటే ఏమిటో నేను చెప్పకముందే వాళ్లు దాన్ని ఏర్పాటు చేసేసుకున్నారు.

అప్పు మొదలయ్యాక వడ్డీ. దీనికి నేను ఏడాదిలో ఎక్కువ వారాలు ఇస్తాను. ఏడో తరగతిలో బారువడ్డీ, ఎనిమిదో తరగతిలో చక్రవడ్డీ మనం ఎలాగూ చెబుతున్నాం. పిల్లలు సూత్రం వేసి జవాబు తెస్తారు. కాని పాఠంలో వడ్డీ ఏడాదికి శాతంలో ఉంటుంది. ఊళ్లో వడ్డీ నెలకు, నూటికి రూపాయల్లో ఉంటుంది. ఈ రెండూ ఒకే కొలత అని పిల్లలకు తట్టదు. నూటికి మూడు అంటే చిన్నదిగా వినిపిస్తుంది. ఏడాదికి 36 శాతం. నూటికి ఐదు అంటే 60 శాతం. వడ్డీ కట్టకపోతే దాన్ని అసలులో కలిపేస్తారు కదా, అప్పుడు 10,000 రూపాయల అప్పు నూటికి మూడు లెక్కన ఏడాది తిరిగేసరికి 14,258 అవుతుంది. నూటికి ఐదు లెక్కన 17,959. ఈ లెక్క నల్లబల్ల మీద నెల నెలా ఒక్కొక్క వరుస పిల్లలతోనే వేయించండి. సూత్రంతో ఒక్కసారిగా తేల్చేయకండి. పన్నెండు వరుసలు దిగుతుంటే తరగతి దానంతట అదే నిశ్శబ్దమవుతుంది. అదే 10,000 తపాలా కార్యాలయంలో పొదుపు ఖాతాలో ఉంటే 4 శాతం వడ్డీతో ఏడాదికి 10,400 అవుతుందని పక్కనే రాయించండి.

ఇంకొక మాయ ఉంది. 12 శాతం ఫ్లాట్ వడ్డీ అని చెబుతారు, అంటే మొదట తీసుకున్న మొత్తం మీదనే ఏడాదంతా వడ్డీ. 10,000 అప్పు, పన్నెండు వాయిదాలు. వడ్డీ 1,200 కలిపి మొత్తం 11,200, నెలకు సుమారు 933 రూపాయలు. 12 శాతమే కదా అనిపిస్తుంది. పిల్లలను ఒక ప్రశ్న అడగండి: ఏడాదంతా మన దగ్గర పదివేలూ ఉన్నాయా? మొదటి నెలే ఉన్నాయి. ప్రతి వాయిదాకూ అసలు తరుగుతూ, ఆరు నెలలకు సగం వెనక్కి వెళ్లిపోయింది. సగటున ఏడాది పొడవునా మన చేతిలో ఉన్నది 5,400 రూపాయలకు కాస్త పైన. దాని మీద 1,200 వడ్డీ అంటే దాదాపు 22 శాతం. అందుకే మా తరగతి బ్యాంకులో తగ్గే నిల్వ మీదనే వడ్డీ వేస్తాం. ఒక నెల మాత్రం కావాలని ఫ్లాట్ పద్ధతి పెడతాం. గుమాస్తాగా ఉన్న పిల్ల రెండు లెక్కలూ పక్కపక్కన రాసి చూపిస్తుంది.

ఇక్కడ తల్లిదండ్రులకు నేరుగా ఒక విషయం చెప్పాలి. మైక్రోఫైనాన్సు అప్పుల మీద రిజర్వు బ్యాంకు పెట్టిన నియమాలు 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నాయి. కుటుంబ వార్షికాదాయం మూడు లక్షల లోపు ఉన్నవారికి తాకట్టు లేకుండా ఇచ్చే అప్పులివి. ఇంటి మీద ఉన్న అన్ని అప్పుల వాయిదాలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. గడువుకు ముందే తీర్చేస్తామంటే జరిమానా వేయకూడదు. మరొకటి, మన సరిహద్దు ఊళ్లకు చాలా ముఖ్యమైనది: అప్పు కార్డు అప్పు తీసుకున్నవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. ఒడియా చదవలేని తెలుగు తల్లి తనకు తెలిసిన భాషలో కార్డు ఇమ్మని అడగవచ్చు. సవర తల్లి కూడా అడగవచ్చు. వడ్డీ ఎంత, ఇతర రుసుములు ఎంత, మొత్తం ఎంత కట్టాలి అన్నది రాసి ఇవ్వాలి. మా ఎనిమిదో తరగతి పిల్లలు నమూనా కార్డు ఒకటి తయారు చేసి, అందులో ఈ గళ్లు ఉన్నాయో లేదో చూడటం సాధన చేస్తారు. ఇంట్లోని అసలు కార్డును బడికి తెమ్మని మాత్రం నేను ఎప్పుడూ అడగను, మీరూ అడగవద్దు. ఇంటి అప్పు ఇంటి గుట్టు. పిల్లలు నేర్చుకుని ఇంటికి వెళ్లి చదువుతారు, అది చాలు.

సొమ్ము రెట్టింపు చేస్తామని వచ్చేవాళ్ల గురించి పెద్దగా చెప్పనక్కరలేదు. ఒడిశాలో చిట్‌ఫండ్ కంపెనీల పేరుతో జరిగిన మోసాల దర్యాప్తును 2014 మేలో సుప్రీంకోర్టు సీబీఐకి అప్పగించింది. మన పల్లెల్లో ఆ దెబ్బ తగిలిన ఇళ్లు మీకే తెలుసు. పిల్లలకు ఒక చిన్న లెక్క నేర్పండి. 72ను వడ్డీ శాతంతో భాగిస్తే, సొమ్ము రెట్టింపు కావడానికి పట్టే ఏళ్లు సుమారుగా వస్తాయి. 4 శాతానికి 18 ఏళ్లు, 8 శాతానికి 9 ఏళ్లు. మూడేళ్లలో రెట్టింపు అన్నవాడు ఏడాదికి 24 శాతం ఇస్తానంటున్నాడు. ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తాడు అని అడగడం పిల్లలకు అలవాటు చేయాలి. ఫోను విషయంలోనూ అంతే. డబ్బు మనకు రావడానికి పిన్ నొక్కనక్కరలేదు, పంపడానికే నొక్కాలి. మోసపోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలి. ఈ రెండూ ఖాతా పుస్తకం అట్ట లోపలివైపు రాయిస్తాం. సూరత్ నుంచి తండ్రి పంపే డబ్బు చాలా ఇళ్లలో పిల్లల చేతిలోని ఫోనులోనే పడుతోంది మరి.

ఏడాది చివర ఖాతాలన్నీ మూసేస్తాం. అప్పులన్నీ రద్దవుతాయి, నిల్వలు కూడా రద్దవుతాయి. పై తరగతికి ఎవరూ అప్పుతో వెళ్లరు. ఆ చివరి వారం పిల్లలు తమ పుస్తకం మొదటి పేజీ నుంచి చదివి, ఏ నెలలో అప్పు చేశారు, దేనికి చేశారు, దాని మీద మొత్తం ఎంత వడ్డీ కట్టారు అని ఒక పేజీ రాస్తారు. ఆ పేజీకి మార్కులు లేవు. నేను మాత్రం ప్రతి ఒక్కటీ చదువుతాను. జీడిపిక్కల అబ్బాయి తన పేజీలో, అప్పు అయిన 18 తనయలకు నెలకు నూటికి పది చొప్పున ఎంత కట్టాల్సి వచ్చేదో లెక్క వేసి, ఆ వడ్డీతో గంట కొట్టే అవకాశం వేలంలో దక్కేదో లేదో కూడా రాశాడు.

ఆ తర్వాత నిజమైన ఖాతా. పదేళ్లు నిండిన పిల్లలు తమ పేరు మీద పొదుపు ఖాతా తెరిచి, తామే నడుపుకోవచ్చునని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్ ఉత్తర్వులో బ్యాంకులకు చెప్పింది. ఎంత సొమ్ము వరకు అన్నది ఆయా బ్యాంకు నిర్ణయించుకుంటుంది. ఆ ఖాతాల్లో అప్పుగా వాడుకోవడానికి వీలు ఉండదు, నిల్వ ఉన్నంతే తీయగలరు. తపాలా కార్యాలయంలో కూడా పదేళ్లు దాటిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా తెరవవచ్చు, 500 రూపాయలతో మొదలు. 500 అంటే అన్ని ఇళ్లలోనూ ఒక్కసారిగా వచ్చే సొమ్ము కాదని నాకు తెలుసు. అందుకే పిల్లలు ఇంటి దగ్గర డబ్బాలో వేసుకుంటూ, అది నిండినప్పుడు వెళ్లమంటాను. వెళ్లేటప్పుడు అమ్మనో నాన్ననో వెంట తీసుకువెళ్లాలి. దరఖాస్తు మాత్రం పిల్లలే నింపాలి. తప్పు రాస్తే ఇంకో కాగితం అడిగి మళ్లీ రాయాలి.

నమూనా ఖాతా పుస్తకాలు అటు బల్ల మీద పెట్టాం. తెలుగు, ఒడియాల్లో గళ్ల పేర్లు ఉన్నవి ఒక వైపు, సవర మాటలు కలిపినవి ఒక వైపు ఉన్నాయి. నమూనా అప్పు కార్డు కూడా ఉంది. కావలసినవారు ఒక ప్రతి తీసుకువెళ్లి మీ బడిలో నకళ్లు తీయించుకోండి. గళ్లు మార్చుకోవాలంటే మార్చుకోండి. ఇప్పుడు మీ ప్రశ్నలు వింటాను. ముందు తల్లులు అడగండి.